రేడియోలో వెలుగుతున్నాయి, వైజ్ రంగుల్లో మాత్రం మామూలుగా ఉన్నాయి: వీటిని ఏజీఎన్ అనొచ్చా?

తారాపథం

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒకచోట ఆగిపోయాను, సలహా కావాలి.

ఎన్‌వీఎస్‌ఎస్ రేడియో కాటలాగ్‌లోంచి ఆకాశంలో ఒక చిన్న భాగం తీసుకుని, అందులోని మూలాలకు వైజ్ ఉపగ్రహపు ఆల్‌వైజ్ పరారుణ కాటలాగ్‌లో జతలు వెతికాను. డబ్ల్యూ1 − డబ్ల్యూ2 తేడా (3.4, 4.6 మైక్రాన్ల బ్యాండ్ల మాగ్నిట్యూడ్ల తేడా, అదే "రంగు") 0.8 దాటితే ఏజీఎన్ (నడుమ కృష్ణబిలం చురుగ్గా మేస్తున్న గెలాక్సీ), దాటకపోతే మామూలు గెలాక్సీ అని విడగొడదామని ప్లాను. తీరా చూస్తే, రేడియోలో బాగా ప్రకాశవంతంగా ఉన్నవి కూడా చాలావరకు ఆ గీత దరిదాపులకే రావడం లేదు. ఒకటి కింద పెడుతున్నాను:

ఎన్‌వీఎస్‌ఎస్ 1.4 గిగాహెర్ట్జ్: 86 మిల్లీజాన్‌స్కీ (ఫ్లక్స్, అంటే మనకు అందే వెలుగు కొలత)
డబ్ల్యూ1: 13.42
డబ్ల్యూ2: 13.36
డబ్ల్యూ3 (12 మైక్రాన్లు): 12.30 (నాణ్యత ఫ్లాగ్ యూ)
డబ్ల్యూ4 (22 మైక్రాన్లు): 8.90 (నాణ్యత ఫ్లాగ్ యూ)
రెడ్‌షిఫ్ట్ (దూరానికి కొలమానం): 0.11, స్లోన్ సర్వే స్పెక్ట్రం నుంచి. ఉద్గార రేఖలు దాదాపు లేవు.

రంగు చూస్తే 0.06. దీన్ని ఏజీఎన్ లిస్టులోంచి తీసేయాలా? తీసేస్తే 86 మిల్లీజాన్‌స్కీల రేడియో ఎక్కడినుంచి వస్తున్నట్టు?

ధూళిమేఘం

తీసేయకండి తారాపథం గారూ. ముందు ఆ 0.8 అసలు దేన్ని కొలుస్తుందో చూద్దాం, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

నక్షత్రాల వెలుగు 3.4, 4.6 మైక్రాన్ల దగ్గరికి వచ్చేసరికి తగ్గుముఖంలో ఉంటుంది. వేగా స్కేలులో (వేగా నక్షత్రాన్ని సున్నాగా పెట్టుకునే మాగ్నిట్యూడ్ స్కేలు) మామూలు నక్షత్రం ఏది తీసుకున్నా ఈ రెండు బ్యాండ్ల తేడా సున్నాకి కాస్త అటూఇటూగా వస్తుంది. దగ్గర్లో ఉన్న గెలాక్సీ అంటే నక్షత్రాల మొత్తమే కాబట్టి దానికీ అంతే. మీ 0.06 అచ్చంగా ముసలి నక్షత్రాల రంగు.

కృష్ణబిలం గట్టిగా మేస్తుంటే దాని డిస్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతిని చుట్టూ ఉన్న ధూళి పీల్చుకుని వేడెక్కుతుంది. దాదాపు 1500 కెల్విన్లు దాటితే రేణువులు ఆవిరైపోతాయి కాబట్టి ధూళి లోపలి అంచు ఆ వేడి దగ్గర నిలబడుతుంది. ఆ వేడిలో ఉన్న వస్తువు వెలిగేది సరిగ్గా ఈ బ్యాండ్లలోనే. ఫ్లక్స్‌లో చెప్పాలంటే, నక్షత్రాలకు 4.6 మైక్రాన్ల దగ్గర వచ్చేది 3.4 దగ్గర వచ్చేదాంట్లో సుమారు 55 శాతం. 0.8 గీత మీద ఉన్న మూలానికి అది 116 శాతం. అంటే వేడి ధూళి ఆ లోటంతా పూడ్చి ఇంకాస్త కలిపిందన్నమాట.

కాబట్టి ఆ రంగు అడుగుతున్న ప్రశ్న "ఇక్కడ కృష్ణబిలం పని చేస్తోందా?" అని కాదు. "ఇక్కడ వేడి ధూళి ఉందా, ఉంటే దాని వెలుగు గెలాక్సీ నక్షత్రాల వెలుగును మించిందా?" అని. ఈ రెండిట్లో ఏది కాకపోయినా 0.8 రాదు.

ఇంకోటి. ఈ గీతను డేనియల్ స్టెర్న్ బృందం 2012లో కాస్మాస్ అనే ఆకాశ భాగంలో పరీక్షించి ఇచ్చింది, డబ్ల్యూ2 15.05 వరకు. 95 శాతం నమ్మకం, 78 శాతం సంపూర్ణత అని అందరూ రాస్తారు. ఆ 78 శాతం దేనితో పోల్చి? స్పిట్జర్ టెలిస్కోపు పరారుణ రంగులతోనే ఎంచుకున్న ఏజీఎన్‌లతో పోల్చి. ప్రపంచంలో ఉన్న అన్ని ఏజీఎన్‌లలో 78 శాతం దొరుకుతాయని కాదు. ఈ మాట చాలా రిపోర్టుల్లో జారిపోతోంది, అందుకే నొక్కి చెబుతున్నాను.

నిశిరాత్రి

కొత్త సభ్యుణ్ణి. ఒక సందేహం. రేడియోలో అంత గట్టిగా కనబడితే ఏజీఎన్ అని నేరుగా అనేయొచ్చు కదా? పరారుణంతో పనేముంది?

సప్తర్షి

అనేయలేం నిశిరాత్రి గారూ. మామూలు గెలాక్సీ కూడా రేడియోలో వెలుగుతుంది. బరువైన నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలుతాయి, ఆ అవశేషాల్లో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో చుట్టలు తిరుగుతూ సింక్రోట్రాన్ వికిరణం ఇస్తాయి. కృష్ణబిలం చిమ్మే జెట్ నుంచి వచ్చేదీ సింక్రోట్రానే. రెండూ ఒకే భౌతిక ప్రక్రియ, తయారైన చోటే వేరు. రేడియో ఫ్లక్స్ ఒక్కటే చూసి ఏది ఏదో చెప్పలేం, ముఖ్యంగా మిల్లీజాన్‌స్కీ కన్నా బాగా కిందికి దిగాక. అక్కడ నక్షత్రాలు పుట్టించే గెలాక్సీలదే మెజారిటీ.

పరారుణం అక్కరకొచ్చేది ఇక్కడ. ఆ బరువైన నక్షత్రాలే పేలకముందు ధూళిని వేడి చేస్తాయి. అందుకే నక్షత్రాలు పుట్టే గెలాక్సీల్లో దూర పరారుణం, రేడియో ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. 2001లో మిన్ యున్, నవీన్ రెడ్డి, జేమ్స్ కాండన్ ఐరాస్ పరారుణ ఉపగ్రహపు సర్వే, ఎన్‌వీఎస్‌ఎస్ కలిపి 1,809 గెలాక్సీలు చూస్తే 98 శాతానికి పైగా ఈ సంబంధాన్ని పాటించాయి. దూర పరారుణానికి, రేడియోకి ఉన్న నిష్పత్తి లాగరిథమ్‌ను క్యూ అంటారు, వాళ్ళకు వచ్చిన సగటు 2.34. అది 1.64 కన్నా పడిపోతే, అంటే రేడియో ఉండాల్సినదానికి ఐదు రెట్లు ఎక్కువగా ఉంటే, ఆ అదనపు రేడియోకి కృష్ణబిలమే కారణమని లెక్క.

ఇప్పుడు తారాపథం గారి గెలాక్సీకి వద్దాం. ఐరాస్ ఇంత మసక మూలాన్ని చూడలేదు, కాబట్టి వైజ్ 22 మైక్రాన్లతో సరిపెట్టుకుందాం. నక్షత్రాలు పుట్టే గెలాక్సీల్లో ఆ ప్రాంతపు ఫ్లక్స్ 1.4 గిగాహెర్ట్జ్ ఫ్లక్స్‌కి సుమారు ఏడు రెట్లు ఉంటుంది. ఈ 86 మిల్లీజాన్‌స్కీలూ నక్షత్రాల పుణ్యమే అయితే 22 మైక్రాన్ల దగ్గర దాదాపు 600 మిల్లీజాన్‌స్కీలు రావాలి. వచ్చిందెంత? 8.90 మాగ్నిట్యూడ్ అంటే 2.3 మిల్లీజాన్‌స్కీ. అదీ యూ ఫ్లాగ్‌తో. అంటే అది కొలత కాదు, గరిష్ఠ పరిమితి. అసలు విలువ ఇంకా తక్కువ. రెండువందల రెట్లకు పైగా తేడా.

మరో దారిలో కూడా చూడొచ్చు. రెడ్‌షిఫ్ట్ 0.11కి దూరం సుమారు 510 మెగాపార్సెక్‌లు, రేడియో శక్తి హెర్ట్జ్‌కి 2.6 × 10^24 వాట్లు. దాన్ని నక్షత్రాల పుట్టుకగా మారిస్తే ఏడాదికి వెయ్యికి పైగా సూర్యుళ్ళు పుట్టాలి. ఉద్గార రేఖలే లేని గెలాక్సీలో అది అసంభవం.

నా తీర్పు: ఏజీఎన్. సందేహం అక్కర్లేదు.

తారాపథం

సప్తర్షి గారూ, చాలా చాలా థాంక్స్. నాలుగో బ్యాండులో కనబడలేదని ఆ కాలమ్ పక్కన పెట్టేద్దామనుకున్నాను. కనబడకపోవడమే ఇంత సాక్ష్యమవుతుందని తట్టలేదు.

మరి ధూళి ఎందుకు లేదు? కృష్ణబిలం మేస్తుంటే ధూళి ఉండాలి కదా?

ధూళిమేఘం

మేసే తీరులో తేడా. చల్లని వాయువు దండిగా వచ్చి పడితే పల్చటి డిస్క్ ఏర్పడి ధగధగా వెలుగుతుంది, చుట్టూ ధూళి వలయం ఉంటుంది, స్పెక్ట్రంలో ఉద్గార రేఖలు బలంగా వస్తాయి. వాయువు కొద్దికొద్దిగా, అదీ వేడిగా జారుతుంటే డిస్క్ ఉబ్బిపోయి వెలుగు సరిగ్గా ఇవ్వదు. ఆ శక్తిలో ఎక్కువ భాగం జెట్ల రూపంలో బయటికి పోతుంది. రేడియో మనుషులు మొదటి రకాన్ని హెర్గ్ అని, రెండోదాన్ని లెర్గ్ అని పిలుస్తారు. మీది పక్కా లెర్గ్.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఎం87. 2019లో దాని కృష్ణబిలం నీడ ఫొటో వచ్చింది, బరువు 650 కోట్ల సూర్యుళ్ళు, జెట్ వేల కాంతి సంవత్సరాల పొడవు. అయినా దాని వైజ్ రంగు వట్టి నక్షత్రాల రంగే. 0.8 గీతతో వెతికితే ఎం87 దొరకదు! నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ లేకుండానే నిప్పు ఉంది.

ఆకాశగంగ

అంతా బాగానే ఉంది గానీ, ప్రాజెక్టు దృష్టితో ఒక మాట. విద్యార్థికి కావల్సింది నికార్సైన లిస్టు. పరారుణ రంగు, రేడియో అధికం, రెండూ ఉన్నవే తీసుకుంటే కల్తీ దాదాపు ఉండదు. సంఖ్య తగ్గుతుంది, తగ్గితే తగ్గనీ. అనుమానం ఉన్న వెయ్యి కన్నా నమ్మకమైన వంద మేలు కదా.

సప్తర్షి

ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను ఆకాశగంగ గారూ. రెండు పరీక్షలూ ఒకే విషయాన్ని రెండుసార్లు కొలుస్తుంటే మీరన్నది నూటికి నూరుపాళ్ళు సరైనది. ఇవి రెండు వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయి. ఒకటి ఇప్పుడు వెలుగుతున్న డిస్క్, దాని ధూళి. రెండోది జెట్, ఎన్నో లక్షల ఏళ్ళుగా లోబుల్లో (జెట్ల చివర ఉబ్బిన రేడియో మేఘాల్లో) పోగైన ఎలక్ట్రాన్లు. రెండూ దాటినవి నమ్మకమైన ఏజీఎన్‌లే, కాదనను. కానీ అది ఏజీఎన్‌లలో ఒక అరుదైన జాతి మాత్రమే.

2009లో రయన్ హికాక్స్ బృందం బూటీస్ క్షేత్రంలో, సుమారు 9 చదరపు డిగ్రీల్లో, రేడియో, ఎక్స్ కిరణాలు, పరారుణం మూడిటితోనూ ఏజీఎన్‌లను ఎంచి చూసింది. రేడియోవి భారీ ఎర్ర గెలాక్సీల్లో, దట్టమైన గుంపుల్లో దొరికాయి. పరారుణానివి వాటికన్నా చిన్న, నీలి గెలాక్సీల్లో, పల్చటి పరిసరాల్లో. ఉమ్మడిగా ఉన్నవి బహు తక్కువ. రేపు తారాపథం గారు ఉమ్మడి లిస్టు మీద "ఏజీఎన్‌లు ఎలాంటి గెలాక్సీల్లో ఉంటాయి" అని గ్రాఫు గీస్తే, వచ్చే జవాబు ఏ రకానికీ వర్తించదు.

ఆకాశగంగ

గ్రాఫు దాకా వెళ్తే మీరన్నది ఒప్పుకుంటాను. లిస్టు దేనికి వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న. టెలిస్కోపు సమయం అడిగి ఒక్కొక్కదాన్నీ విడిగా పరిశీలించాలంటే నేను ఇప్పటికీ ఉమ్మడి లిస్టుతోనే మొదలుపెడతాను. జనాభా లెక్కకైతే మీ దారే.

వేగుచుక్క

మీరంతా భౌతికం మాట్లాడుతున్నారు, నేను జతల సంగతి అడుగుతాను. తారాపథం, ఎన్‌వీఎస్‌ఎస్‌కి ఆల్‌వైజ్ జతలు ఎంత వ్యాసార్ధంతో వెతికారు?

తారాపథం

20 ఆర్క్‌సెకన్లు. ఎన్‌వీఎస్‌ఎస్ బీమ్ (బొమ్మలో ఒక చుక్క వెడల్పు) 45 ఆర్క్‌సెకన్లు కాబట్టి అందులో సగం లోపు సరిపోతుందనుకున్నాను.

వేగుచుక్క

ఈ లెక్క ఒకసారి చేయండి. ఆల్‌వైజ్‌లో దాదాపు 74.7 కోట్ల మూలాలున్నాయి. ఆకాశం మొత్తం 41,253 చదరపు డిగ్రీలు. సగటున ఒక్కో చదరపు డిగ్రీకి 18 వేలు. 20 ఆర్క్‌సెకన్ల వలయంలో ఊరికే, ఏ సంబంధమూ లేకుండా పడేవి సగటున 1.75. అంటే ఆకాశంలో ఎక్కడ వేలు పెట్టినా మీకో జత దొరుకుతుంది! వ్యాసార్ధం 3 ఆర్క్‌సెకన్లకు దించితే అది 0.04 అవుతుంది. పాలపుంత తలానికి దూరంగా ఉంటే ఇంకాస్త మెరుగు.

మరి 3 పెట్టాలంటే రేడియో స్థానం అంత కచ్చితంగా ఉండాలి. ఎన్‌వీఎస్‌ఎస్ మసక మూలాలకు అది రాదు. ఫస్ట్ రేడియో సర్వేలో ఉన్న చోట దాన్ని వాడండి, 5 ఆర్క్‌సెకన్ల బీమ్. వీలాస్ రేడియో సర్వే ఇంకా పదును, 2.5. అది డెక్లినేషన్ −40కి ఉత్తరాన ఉన్న ఆకాశమంతా 2 నుంచి 4 గిగాహెర్ట్జ్‌లలో చూస్తుంది. ఫ్లక్స్ మాత్రం ఎన్‌వీఎస్‌ఎస్‌దే ఉంచండి. పదునైన సర్వేలు పరుచుకున్న లోబుల వెలుగును కొంత జారవిడుస్తాయి.

ఆ తర్వాత మీ రేడియో స్థానాలన్నిటినీ కొన్ని ఆర్క్‌నిమిషాలు పక్కకు జరిపి, టాప్‌క్యాట్ సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ జతలు వెతకండి. అప్పుడు దొరికేవన్నీ దొంగ జతలే. మీ కల్తీ ఎంతో అంకెతో సహా చేతికొస్తుంది. ఈ పరీక్ష లేని ప్రాజెక్టు రిపోర్టు చూస్తే నాకు మనసొప్పదు.

సప్తర్షి

దానికి తోడు, రెండు లోబులున్న మూలాలు. ఫస్ట్‌లో అవి రెండు విడి మూలాలుగా నమోదై ఉంటాయి, అసలు గెలాక్సీ రెండిటి మధ్య ఖాళీలో ఉంటుంది. 3 ఆర్క్‌సెకన్ల నియమం పెడితే రెండు లోబులకూ జత దొరకదు, లేదా ఏదో ముక్కూమొహం తెలియని వెనకాల గెలాక్సీ దొరుకుతుంది. ఇవి కంటితో చూడాల్సిందే. 2013లో రేడియో గెలాక్సీ జూ మొదలైందే ఇందుకు. రేడియో బొమ్మను వైజ్ బొమ్మ మీద పరిచి, ఈ లోబులు ఏ గెలాక్సీవో చెప్పమని జనాన్ని అడిగారు. అలాదిన్ సాఫ్ట్‌వేర్‌లో మీ ప్రకాశవంతమైన మూలాలన్నీ ఓపిగ్గా తెరిచి చూడండి.

మిణుగురు

ఇంతసేపూ పరారుణం ఏం కోల్పోతుందో మాట్లాడుకున్నారు. అది తప్పుగా పట్టుకునేవి కూడా ఉన్నాయి. నేను మరుగుజ్జు గెలాక్సీల మీద పనిచేస్తాను, మా దగ్గర ఇది పెద్ద తలనొప్పి.

లోహాలు (మా భాషలో హీలియం కన్నా బరువైన మూలకాలు) తక్కువగా ఉన్న చిన్న గెలాక్సీలో ఒక్కసారిగా నక్షత్రాలు పుట్టుకొస్తే, ఆ కుర్ర గుంపుల వేడికి ధూళి బాగా కాగి డబ్ల్యూ1 − డబ్ల్యూ2ను 0.8 పైకి నెట్టేస్తుంది. కృష్ణబిలం ప్రమేయమే లేదు. 2016లో కెవిన్ హైన్‌లైన్ బృందం మరుగుజ్జులను వరసగా పరిశీలించి, వీటికి ఈ ఒక్క రంగు చాలదని, డబ్ల్యూ2 − డబ్ల్యూ3 కూడా చూడాల్సిందేనని తేల్చింది. కుర్ర నక్షత్రాల ధూళి 12 మైక్రాన్ల దగ్గర విపరీతంగా వెలుగుతుంది కాబట్టి ఆ రెండో రంగులో తేడా తెలుస్తుంది. థామస్ జారెట్ పెట్టె, సిల్వియా మాటెయోస్ త్రికోణపు ముక్క లాంటివి (రెండు రంగుల గ్రాఫులో ఏజీఎన్‌లకు గీసిన హద్దులు) వాడితే ఇలాంటివి చాలావరకు బయటే ఆగిపోతాయి. మన పాలపుంతలోని టీ తరగతి గోధుమ మరుగుజ్జులు (నక్షత్రాలు కాలేకపోయిన చల్లని పిండాలు) కూడా ఇదే గీత దాటి లిస్టులోకి వస్తాయి, అవీ దూరపు ఏజీఎన్‌ల్లాగే చుక్కలుగా కనబడతాయి కాబట్టి ఆకారం చూసి పట్టుకోలేం.

అడిగేవాళ్ళకోసం: మరుగుజ్జులో రేడియో జెట్ కూడా ఉందంటే అప్పుడు నాకు నిజంగా ఉత్సాహం వస్తుంది. అక్కడ మాత్రం రెండు సాక్ష్యాలూ కావాలన్న ఆకాశగంగ గారి పట్టుదలే నాదీ.

నిశిరాత్రి

మిణుగురు గారూ, స్పెక్ట్రల్ ఇండెక్స్‌తో (ఫ్రీక్వెన్సీని బట్టి రేడియో వెలుగు మారే వాలు) నక్షత్రాల రేడియోని, జెట్ రేడియోని విడగొట్టలేమా?

సప్తర్షి

అది చాలామంది ఆశపడేదే, నేను చెబుతాను. పరుచుకున్న లోబులు −0.7, −0.8 దగ్గర ఉంటాయి. నక్షత్రాలు పుట్టే గెలాక్సీలూ సరిగ్గా అక్కడే. కాబట్టి ఆ విలువ వస్తే ఏమీ తేలదు. సున్నా దగ్గరికి, అంటే చదునుగా వస్తే మాత్రం అది మన వైపు చూస్తున్న జెట్ మొదటి భాగం కావచ్చు. బ్లేజార్లు అలా దొరుకుతాయి, వాటికి వైజ్ రంగుల్లో కూడా ఒక ప్రత్యేకమైన పట్టీ ఉంది. ధూళి వల్ల కాదు, జెట్ సింక్రోట్రానే పరారుణం దాకా పాకి ఆ రంగు ఇస్తుంది. ఫెర్మీ ఉపగ్రహం చూసిన గామా కిరణ మూలాలకు ఆసాములెవరో వెతకడానికి ఆ పట్టీని బాగా వాడుకున్నారు. మరీ నిటారుగా, −1 కన్నా కిందికి వస్తే దూరపు రేడియో గెలాక్సీ కావచ్చు.

తారాపథం

నా గెలాక్సీకి చూశాను. జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు వాళ్ళ టీజీఎస్‌ఎస్ సర్వేలో 150 మెగాహెర్ట్జ్ దగ్గర 430 మిల్లీజాన్‌స్కీ ఉంది. ఎన్‌వీఎస్‌ఎస్ 86తో కలిపితే ఇండెక్స్ −0.7. ఫస్ట్ బొమ్మలో రెండు ముద్దలు, వాటి మధ్యలో ఉన్న వైజ్ మూలమే నేను పట్టుకున్నది.

సప్తర్షి

ఇండెక్స్ ఒక్కటే అయితే ఏమీ తేల్చేది కాదు, రెండు ముద్దలు తేల్చేశాయి. లోబులే అవి.

ధూళిమేఘం

తారాపథం గారూ, మొదలుపెట్టేముందు ఒక్కటి సరిచూసుకోండి. మీ మాగ్నిట్యూడ్లు వేగావా, ఏబీ అనే ఇంకో స్కేలువా? ఆల్‌వైజ్ ఇచ్చేవి వేగావి. మీరు వేరే సర్వేల ఫొటోమెట్రీతో కలిపిన పట్టికలు దించుకుంటే అవి ఏబీలోకి మార్చి ఉండొచ్చు. వేగాలో 0.8 అంటే ఏబీలో 0.16 మాత్రమే. ఏబీ పట్టిక మీద 0.8 గీత గీస్తే దాదాపు అన్ని క్వేజార్లూ (మహా ప్రకాశవంతమైన ఏజీఎన్‌లు) కొట్టుకుపోతాయి. డబ్ల్యూ1కి 2.699, డబ్ల్యూ2కి 3.339 కలిపితే ఏబీ వస్తుంది, చేత్తో ఒకటి రెండు చూసి నిర్ధారించుకోండి. అలాగే కాలుష్యం ఫ్లాగుల కాలమ్ చూసి, ప్రకాశవంతమైన నక్షత్రాల ప్రతిబింబాలు, ముళ్ళ మీద పడ్డ మూలాలు తీసేయండి. వైజ్ టెలిస్కోపు అద్దం 40 సెంటీమీటర్లే, చుక్కలు 6 ఆర్క్‌సెకన్ల వెడల్పు. పక్కింటి వెలుగు సులభంగా కలిసిపోతుంది.

తారాపథం

వేగాలోనే ఉన్నాయండీ, చూసుకున్నాను. అందరి మాటలూ కలిపి ఇలా చేద్దామనుకుంటున్నాను. ఏజీఎన్ అవునా కాదా అన్న ఒకే కాలమ్ బదులు రెండు కాలమ్‌లు. ఒకదాంట్లో పరారుణ రంగు (రెండు రంగులూ వాడి), రెండోదాంట్లో రేడియో అధికం. మొదటిది దాటి రెండోది దాటనివి, రెండోది మాత్రమే దాటినవి, రెండూ దాటినవి, విడివిడిగా వాటి గెలాక్సీల బరువు, స్పెక్ట్రం రేఖలు పోల్చి చూస్తాను. ఆకాశగంగ గారు చెప్పిన ఉమ్మడి లిస్టు ఎలాగూ అందులోనే ఉంటుంది. స్థానాలు జరిపి చేసే పరీక్ష ముందే చేసి దొంగ జతల శాతం రాస్తాను.

ఆకాశగంగ

ఇది బాగుంది. గైడ్ గారు అడిగితే జవాబు చెప్పగలిగేలా ఉంది.

సప్తర్షి

రేడియో కాలమ్‌లో "లేదు" అని రాసేటప్పుడు జాగ్రత్త. ఎన్‌వీఎస్‌ఎస్ 2.5 మిల్లీజాన్‌స్కీ దాకానే చూస్తుంది. క్వేజార్లలో రేడియోలో బిగ్గరగా ఉండేవి పదింట ఒకటి మాత్రమే, మిగతావాటిలో చాలా ఆ పరిమితికి కింద ఉంటాయి. అలాంటిచోట "లేదు" అని కాకుండా "2.5 కన్నా తక్కువ" అని రాయండి. మీ ఆకాశ భాగం లాట్స్ రేడియో సర్వేలో పడుతుందేమో చూడండి, 2022 విడుదలలో 44 లక్షల మూలాలున్నాయి, ఎన్‌వీఎస్‌ఎస్‌కి అందనివి ఎన్నో అందులో దొరుకుతాయి.

వేగుచుక్క

పరారుణానికీ అదే నియమం. యూ ఫ్లాగ్ ఉన్న డబ్ల్యూ3ని అంకెగా వాడి రంగు తీయకండి. మీ మొదటి గెలాక్సీకి డబ్ల్యూ2 − డబ్ల్యూ3 "1.06" కాదు, "1.06 లేదా అంతకన్నా తక్కువ". గ్రాఫులో చుక్క బదులు ఎడమకి చూపే బాణం గుర్తు పెట్టండి. పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, లోబులున్నవి నేనూ కూర్చుని చూస్తాను.